పసుపు మంట

దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. గడ్డం కింద ఒక అంచు నొక్కిపట్టి, రెండు చేతులూ బార్లా చాపి, కింది కొస నేలకు తగలకుండా మోకాలితో ఆపుతూ ఆమె మాత్రం పన్నెండేళ్లుగా ఒక్కతే మడత పెడుతోంది. ఆ సాయంత్రం కూడా గడ్డం కింద దుప్పటి ఉండగానే నొప్పి మొదలైంది. ముందు ఎవరో రెండు కణతలూ బొటనవేళ్లతో నొక్కినట్టు, తర్వాత కళ్ల వెనక బరువుగా, ఆ తర్వాత కడుపులో తిప్పుతూ. గడియారం చూడక్కర్లేదు. బట్టల మిషన్ రెండో విడత తిరగడం ఆపే వేళకు, అంటే నాలుగింటికి, చెప్పిన టైముకు వచ్చే చుట్టంలా రోజూ వస్తోంది.

ముందు గదిలోంచి, టీవీ మోత మీదుగా అత్తగారి గొంతు వినిపించింది. "ఏమ్మా, టీ పెట్టావా?"

"పెడుతున్నానత్తయ్యా. తల పగిలిపోతోంది, ఒక్క నిమిషం."

"మళ్లీనా?"

ఆ 'మళ్లీనా'లో విసుగెంతో, వెటకారమెంతో ఆమె ఎన్నిసార్లు విన్నా తేల్చుకోలేకపోయింది. ఇంట్లో తనకు 'నలతమ్మ' అని పేరు పడి నెల దాటింది. పెట్టింది ఆడపడుచు. "మా నలతమ్మ వదిన ఎలా ఉందిరా అన్నయ్యా?" అని ఫోనులో అడిగితే, భర్త పగలబడి నవ్వి, పళ్లెం ముందు కూర్చున్న అందరికీ ఆ మాట మళ్లీ చెప్పి, పేరు ఖాయం చేశాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే 'అన్నిటికీ ముక్కు మీద కోపం' అన్న రెండో పేరు కూడా తగులుకుంటుంది కదా.

వంటింటి వెనక ఉన్న ఆ గదిలో ఆమె రోజుకు ఆరేడు గంటలుంటుంది. బట్టల మిషన్, ఇస్త్రీ బల్ల, చలికాలం బట్టలారేసుకునే తాళ్లు, విరిగిన కుర్చీలు, ఒక మూల పాప చదువుకునే చిన్న బల్ల. గోడకు బీరువా అంత తెల్లటి గ్యాస్ హీటరు. స్నానాలకు నీళ్లు కాచేదీ, ఆ చలి ఊళ్లో గోడల వెంట గొట్టాల్లోంచి గదులన్నిటికీ వేడి పంపేదీ అదే. దాని నెత్తి మీది నుంచి పొగగొట్టం గోడలోకి దూరి పెరటివైపు తేలుతుంది. ఆ హీటరు వెచ్చదనం ఇంట్లో అందరికీ కావాలి. దాని పక్కన కూర్చునేది మాత్రం ఆమె. మిషన్ మోతకు టీవీ వినపడదని అత్తగారు ఆ గది తలుపు మూయిస్తారు. "కాస్త తలుపేసుకో అమ్మా" అంటారు, అంతే. గట్టిగా కూడా అనరు.

అసలు ఇదంతా పురుగులతో మొదలైంది.

ఎండలు తగ్గే రోజుల్లో ఆమె పెరట్లో బట్టలారేస్తూ చూసింది. సన్నటి నడుముతో, పొడవాటి కాళ్లు వేలాడేసుకుని నల్లటి కందిరీగలు, నోట గోళీ అంత తడిమట్టి పట్టుకుని పొగగొట్టంలోకి పోయి, ఉత్తచేతులతో వచ్చినట్టు తేలిగ్గా బయటికి వస్తున్నాయి. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు భర్తతో చెప్పింది.

"ఏమండీ, మన పొగగొట్టంలో కందిరీగలు మట్టి గూళ్లు కడుతున్నాయి. ఎవరినైనా పిలిపించి తీయిద్దాం."

అతను ఫోనులోంచి తలెత్తలేదు. "చలికి హీటరు వేస్తాం కదా. ఆ వేడికి అవే చస్తాయి."

"పోనీ నేనే నిచ్చెనేసుకుని చూస్తాను."

"నువ్వా? కింద పడి కాలు విరగ్గొట్టుకుంటే ఇంట్లో పనెవరు చేస్తారు?"

తన కాలు విరిగితే అతను ముందుగా దేని గురించి బెంగ పడతాడో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోయింది. అయినా ఆమె దాన్ని ప్రేమ కిందే జమకట్టుకుంది. జమకట్టుకోవడం అలవాటైపోయింది.

ఆ తర్వాత కంపు పురుగులొచ్చాయి. వేలిగోరంత ఉంటాయి, బూడిదరంగు, వీపు మీద డాలు కట్టుకున్నట్టుంటాయి. బయట చలి మొదలవగానే వెచ్చదనం వెతుక్కుంటూ కిటికీ సందుల్లోంచి వందలకొద్దీ లోపలికి దూరాయి. పరదాల మడతల్లో, పుస్తకాల వెనక, ఆరేసిన చొక్కాల చంకల్లో. తాకితే చాలు, పచ్చి ఆకు కుళ్లినట్టు వాసన. ఆమె పొద్దున్నే చీపురూ చేటా పట్టుకుని ఊడ్చేది, మధ్యాహ్నానికి మళ్లీ అన్నే ఉండేవి.

"మా రోజుల్లో ఇంట్లోకి చీమ దూరాలన్నా భయపడేది" అన్నారు అత్తగారు. "ఇల్లు పట్టించుకునేవాళ్లుంటే పురుగులెందుకొస్తాయి?"

ఒకరోజు భర్త భోజనాల దగ్గర ముక్కు మూసుకున్నాడు. "నీ దగ్గర అదేం కంపు?" పక్కనే అతని ఆఫీసు స్నేహితుడు కూర్చుని ఉన్నాడు. ఆమె సబ్బుతో నాలుగుసార్లు తోముకున్న చేతుల్ని చీర చాటుకు లాక్కుంది. ఆ పురుగుల్ని ఎత్తిపోసినందుకు వచ్చిన కంపు అది. ఎత్తిపోయనివాళ్ల చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ ఆదివారం అతను పెద్ద టేపు చుట్ట తెచ్చి వెనక గది కిటికీలు రెండిటికీ అంచుల వెంబడి రెండు వరసలు అంటించాడు. హీటరు దగ్గర వేడెక్కువ కాబట్టి పురుగులన్నీ అక్కడే చేరుతున్నాయని అతని లెక్క. "చూశావా, అరగంటలో సమస్య తీర్చేశాను. నువ్వు నెల రోజులుగా చీపురు పట్టుకుని తిరుగుతున్నావు" అన్నాడు. నిజంగానే పురుగులు తగ్గాయి. గాలి కూడా తగ్గిందని ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా.

చలి మొదలైన వారంలోనే హీటరు మాటిమాటికీ ఆగిపోసాగింది. తల మీద సబ్బు నురగతో భర్త స్నానాలగదిలోంచి కేకలు పెట్టిన మంగళవారం నాడు మెకానిక్ వచ్చాడు. పెద్దాయనే, నెమ్మదస్తుడు. తలుపు తీసిన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు.

"సార్ లేరామ్మా?"

"ఆఫీసుకెళ్లారు. ఏదైనా నాతో చెప్పండి."

అతను తల ఊపి, పెరట్లోకి వెళ్లి సార్‌కే ఫోను చేశాడు. వచ్చి, హీటరు మూత విప్పి, పొగగొట్టం మొదట్లో ఉన్న చిన్న మీటలాంటిది ఊడదీసి, తీగలు రెండూ కలిపేసి టేపు చుట్టాడు.

"అదేంటి తీసేశారు?"

"ఇదేనమ్మా మాటిమాటికీ హీటరును ఆపేస్తున్నది. సార్ తీసెయ్యమన్నారు. ఇక ఆగదు."

"అది లేకపోతే ఏమీ కాదా?"

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. "సార్‌తో మాట్లాడాను కదమ్మా" అని సంచి సర్దుకున్నాడు. నిజంగానే హీటరు ఆ తర్వాత ఒక్కసారీ ఆగలేదు. భర్త పొగలు కక్కే నీళ్లతో స్నానం చేసి పాటందుకున్నాడు. ఆ వారమే ఆమెకు తలనొప్పి మొదలైంది.

డాక్టరు దగ్గరికి భర్తే తీసుకెళ్లాడు. డాక్టరు ఆమెను చూస్తూ "ఏమిటమ్మా బాధ?" అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు. "సాయంత్రమయ్యేసరికి తలనొప్పి అంటుంది, కళ్లు తిరుగుతున్నాయంటుంది సార్. ఇంట్లో పెద్ద పనేమీ ఉండదు. మిషన్ ఉంది, అన్నీ ఉన్నాయి. ఒక్కతే కూర్చుని ఏదో ఆలోచిస్తుంటుంది." డాక్టరు రక్తపోటు చూసి, కళ్లు చూసి, తలాడించాడు. ఇది మనసుకు సంబంధించినదన్నాడు. ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమన్నాడు, తెల్లటి చిన్న మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే నొప్పి పోలేదు. నొప్పి గురించి చెప్పాలనే కోరిక మాత్రం పోయింది.

ఈ మధ్యలో అక్కయ్యకు ఆపరేషనైతే సాయానికని రెండు రోజులు వెళ్లింది. అక్కడా వంటా, బట్టలూ, అంట్లూ, మంచం మీది మనిషికి సేవా. అయినా నాలుగైంది, ఐదైంది, తల తేలిగ్గానే ఉంది. రెండో రోజు కిటికీ దగ్గర నిలబడి తన తలను తనే రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది, ఇది నాదేనా అన్నట్టు. సంతోషం పట్టలేక భర్తకు ఫోనులో చెప్పింది. అవతల ఒక నవ్వు.

"అంటే నీ తలనొప్పి మా ఇల్లంటేనన్నమాట. అక్కడ లేదు, ఇక్కడే వస్తుంది! అమ్మా, విన్నావా?"

ఆ మాట ఆమెకు కొరడాతో కొట్టినట్టు తగిలింది. కోపం రాలేదు. అనుమానం వచ్చింది, అదీ తన మీద. ఇంటికి తిరిగొచ్చిన గంటలోనే తల నొప్పెడితే ఆ అనుమానం మరీ గట్టిపడింది. నేనే పని తప్పించుకోవడానికి చూస్తున్నానా? నా ఒంటికి ఈ ఇల్లంటే ఇష్టం లేదా? పాలుమాలిక ఇలా వేషం మార్చుకుని వస్తుందా? మంచి కోడలినీ మంచి భార్యనూ కాదని నా బుర్ర లోపలెక్కడో ఒక పురుగు రాసిపెట్టుకుని, రోజూ నాలుగింటికి గుర్తు చేస్తోందా? ఆ వారమంతా ఆమె శిక్ష వేసుకున్నట్టు పనిచేసింది. ఇస్త్రీ అక్కర్లేని తువ్వాళ్లకు కూడా ఇస్త్రీ చేసింది. ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ సేపు ఆ గదిలో ఉంది. ఎంత ఎక్కువ సేపుంటే నొప్పి అంత ఎక్కువైంది.

ఇప్పుడు మళ్లీ ఆ దుప్పటి దగ్గరికి వద్దాం. అత్తగారు 'మళ్లీనా' అన్నాక ఆమె టీ ఇచ్చి వచ్చి, తలుపేసుకుని, ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. మూల చిన్న బల్ల దగ్గర పాప లెక్కలు చేసుకుంటోంది. తొమ్మిదేళ్ల పిల్ల. బడికి సెలవులిచ్చి మూడు రోజులైంది. వెచ్చగా ఉంటుందని ఈ మూడు రోజులూ అమ్మ పక్కనే కూర్చుంటోంది.

"అమ్మా" అంది పాప, పెన్సిల్ కింద పెట్టేసి. "అంకెలు కదులుతున్నాయి."

"నిద్రొస్తోందా?"

"కాదు. తలనొప్పి. నిన్న కూడా వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

పాప తలొంచుకుంది. "నాన్నతో చెప్పాను. 'నువ్వు కూడా మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావా' అన్నాడు."

ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పిల్లకు పని తప్పించుకునే అవసరమేముంది? ఈ పిల్లకు అత్తగారు లేరు, మొగుడు లేడు, ఇల్లంటే విసుగు లేదు. ఉన్నదల్లా ఈ గది. నాకూ దీనికీ ఉమ్మడిగా ఉన్నది ఈ గది ఒక్కటే. అక్కయ్య ఇంట్లో లేనిది కూడా ఈ గది ఒక్కటే.

ఆమె తల తిప్పి హీటరు వైపు చూసింది. చిన్న గాజు కంతలోంచి మంట కనిపిస్తోంది. రెండు నెలలుగా రోజూ కనిపిస్తూనే ఉంది. ఈసారి వంగి చూసింది. మంట పసుపుగా ఉంది. పొడుగ్గా, బద్ధకంగా, నాలుకలా అటూ ఇటూ ఊగుతోంది. కంత అంచున కాటుకలా మసి.

పెళ్లికి ముందూ, పాప పుట్టేదాకానూ ఆమె ఒక బడిలో సైన్సు లాబ్‌లో పనిచేసింది. "గాజు సీసాలు కడిగే ఉద్యోగం" అనేవాడు భర్త, మానిపించిన రోజు కూడా అదే అన్నాడు. సీసాలు కడిగిన మాట నిజమే. కానీ పిల్లలు రాకముందే నలభై బర్నర్లు వెలిగించి, ఒక్కోదానికీ గాలి కంత తిప్పి, మంట నీలంగా నిలబడేదాకా సరిచేసేది కూడా తనే. నీలం మంట అంటే గాలి సరిపోయింది. పసుపు మంట అంటే గాలి అందక గ్యాస్ సగమే కాలుతోంది. ఆ సగం కాలిన పొగకు రంగుండదు, వాసనుండదు. పీల్చినవాడికి ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత నిద్ర వస్తుంది, ఆ నిద్రలోంచి లేవడు. ఎనిమిదో తరగతి పాఠం. సంవత్సరానికి నాలుగు సెక్షన్లకు టీచరు చెబుతుంటే గోడ పక్కన నిలబడి ఎన్నిసార్లు వినలేదు తను!

ఇస్త్రీ ప్లగ్గు పీకేసింది. పాపను రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లి అరుగు మీద కూర్చోబెట్టి తన శాలువా కప్పింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి గ్యాస్ వాల్వు కట్టేసింది. కిటికీ టేపు పట్టుకుని లాగితే రంగుతో సహా ఊడి వచ్చింది. రెండు కిటికీలూ బార్లా తెరిచి, టీవీ గదిలోకి వెళ్లి అక్కడివీ తెరిచింది.

"చలేస్తోందే! ఏమైంది నీకు?" అరిచారు అత్తగారు.

"ముందు బయటికి రండత్తయ్యా. తర్వాత చెబుతాను." ఆ గొంతు విని అత్తగారు ఇంకేమీ అడక్కుండా లేచారు. ఆ గొంతు ఆవిడ ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

మండువేసవిలో మంచినీళ్లు తాగినట్టు ఆమె చల్లటి గాలి పీల్చింది. అప్పుడు, ఆ ఊపిరి లోపలికి పోతుండగా, సిగ్గేసింది. నా తల రెండు నెలలు నొప్పెడితే నన్ను నేనే నమ్మలేదు. పిల్ల తల రెండు రోజులు నొప్పెడితే రెండు నిమిషాల్లో కదిలాను. పిల్ల చెప్పింది కాబట్టి నిజమైంది. నేను చెప్పినప్పుడు ఎందుకు కాలేదు? వాళ్లు నమ్మకపోతే పోయారు, నేనెందుకు నమ్మలేదు? ఆ ప్రశ్నకు జవాబు తర్వాత వెతుక్కుందామనుకుంది. నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది.

పొగగొట్టం మూతి వేడి తగ్గేదాకా ఆగి, గరిటె కాడ లోపలికి పెట్టి గీకితే గట్టిగా తగిలింది. రాయిలా. ఇనుప చువ్వతో పొడిస్తే పెళ్లలుగా రాలింది. వేళ్లను పక్కపక్కనే పేర్చినట్టున్న మట్టి గూళ్లు, ఒకదాని మీద ఒకటి, మూతిలో ముప్పావు వంతు కప్పేసి ఉన్నాయి. ఆమె వాటన్నిటినీ చేటలోకి దింపింది. ఒకటి పగిలితే అందులో వేడికి ఎండిపోయిన చిన్న చిన్న సాలీళ్లు, కాళ్లు ముడుచుకుని, వరసగా. కందిరీగ తన పిల్లల కోసం తెచ్చి మూసిపెట్టినవి. నిచ్చెన మీద నిలబడే ఆమె వాటిని కాసేపు చూసింది. కాళ్లు వణకలేదు. పడలేదు.

తర్వాత గ్యాస్ కంపెనీకి ఫోను చేసింది. అవతలి మనిషి, "హీటరు ముట్టుకోకండి, రేపు పొద్దున్నే తనిఖీకి వస్తాం. మీ వారి నంబరు ఇవ్వండి" అన్నాడు.

"నా నంబరు రాసుకోండి" అంది.

ఆరింటికి భర్త వచ్చాడు. ఇల్లు చల్లగా ఉంది, కిటికీలు తెరిచి ఉన్నాయి, అత్తగారూ పాపా దుప్పట్లు కప్పుకుని ఉన్నారు, భోజనాల బల్ల మీద చేటలో మట్టిపెళ్లలు. అతను ఒంటికాలి మీద లేచాడు.

"ఇదేం పిచ్చి? హీటరు వెయ్యి ముందు."

"వెయ్యను. మీరూ వెయ్యకండి. పొగ బయటికి పోకుండా గదిలోకి వస్తోంది. రెండు నెలలుగా నేను పీలుస్తున్నాను, మూడు రోజులుగా పాప పీలుస్తోంది."

"గూళ్లు తీసేశావుగా మరి? ఇంకేంటి?"

"ఆ మీట తీసేయించారుగా. పొగ అడ్డం తిరిగితే హీటరును ఆపేది అదే. రేపు తనిఖీవాళ్లు వస్తున్నారు."

అతని ముఖంలో రంగు మారింది. "ఎవరినడిగి పిలిచావు?"

ఆమె వెళ్లి పాపకు ఇంకో దుప్పటి తెచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆమె లేచేసరికి వంటింట్లో చప్పుడు. భర్త టీ పెడుతున్నాడు. కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. పక్కన కూర్చున్నాడు. ఆమెకు ఎందుకో భయమేసింది.

"చూడు" అన్నాడు మెల్లగా. "ఆ మీట తీసేయడం వాళ్ల రూల్స్ ప్రకారం తప్పట. రాత్రి మెకానిక్‌ని అడిగాను. కాగితం మీద నా పేరు ఎక్కిందంటే ఆఫీసుకు కూడా పోతుంది, నలుగురిలో తలెత్తుకోలేను. నువ్వే చేయించానని చెప్పెయ్. తెలియక చేయించాననెయ్. ఆడవాళ్లు కదా, ఎవరూ ఏమీ అనరు. ఆ వేళ ఇంట్లో ఉన్నదీ నువ్వేగా?"

ఆమె టీ తాగుతూ ఆ మాటల్ని ఒక్కొక్కటిగా వింది. పన్నెండేళ్లలో ఈ ఇంట్లో పరదాల రంగు కూడా ఆమె ఎంచలేదు. ఏ మెకానిక్కూ ఆమెతో మాట్లాడలేదు, ఏ డాక్టరూ ఆమె జవాబు కోసం ఆగలేదు. ఈ ఇంట్లో ఒక నిర్ణయం ఆమెదని భర్త మొట్టమొదటిసారి ఒప్పుకుంటున్నాడు. అది ఆమెను చంపబోయిన నిర్ణయం. టీలో పంచదార లేదు. ఆమె పంచదార వేసుకుంటుందని అతనికి తెలియదు. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది, కప్పు చాటున నవ్వుకుంది.

"ఏమంటావు?"

"వాళ్లను రానీయండి" అంది.

తనిఖీకి వచ్చినాయన నడివయసు మనిషి, చేతిలో రేడియో అంత యంత్రం. అలవాటుగా భర్తకు చెయ్యి కలిపి, అతనితోనే మాట్లాడుతూ వెనక గదిలోకి వెళ్లాడు. గూళ్లు చూశాడు, కంత అంచున మసి చూశాడు. ఒక్క నిమిషం హీటరు వెలిగించి యంత్రం పట్టుకుంటే అది చెవులు చిల్లులు పడేలా కూసింది. వెంటనే ఆపేశాడు. "గొట్టం లోపలి మలుపులో ఇంకా గూళ్లున్నాయి. గొట్టం మూతి తెరిచాక కూడా విషవాయువు ఇంతుందంటే, కిటికీలకు టేపేసి ఉన్నప్పుడు ఎంతుండేదో" అని తనలో తనే అనుకుని, మూత విప్పి, తీగల మీది టేపు వేలితో తట్టాడు.

"ఈ మీట ఎవరు తీయించారు?"

భర్త ఆమె వైపు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ అత్తగారూ చూశారు. భర్త చూపులో బతిమాలుకోవడం లేదు, నమ్మకం ఉంది. ఆమె ఎప్పుడూ తప్పు నెత్తినేసుకుంటుందన్న నమ్మకం.

"మా వారు" అంది ఆమె. "చలి మొదలైన వారం, మంగళవారం పొద్దున పదకొండింటికి. మెకానిక్ ఇదే పెరట్లోంచి ఆయనకు ఫోను చేశాడు. మెకానిక్ వద్దన్నా ఈయన వినలేదో, అతను అసలు వద్దననేలేదో నాకు తెలియదు. నాతో ఎవరూ మాట్లాడలేదు. కానీ మీట ఊడదీయడం నేను చూశాను. అది లేకపోతే ఏమీ కాదా అని ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి."

తనిఖీ ఆయన రాస్తున్న చేయి ఆపి, మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. ఆ తర్వాత అడిగినవన్నీ ఆమెనే అడిగాడు.

"ఈ గదిలో ఎక్కువసేపు ఉండేదెవరు?"

ఆమె చెప్పేలోపు గుమ్మంలోంచి అత్తగారు అన్నారు. "కోడలే బాబూ. పొద్దస్తమానం." ఎవరూ అడక్కుండానే, "తలుపు నేనే వేయించేదాన్ని" అన్నారు.

హీటరుకు సీలు వేసి, కొత్తది పెట్టేదాకా వాడకూడదని కాగితం అంటించి ఆయన వెళ్లిపోయాడు. పోతూ ఒక మాటన్నాడు. ఈ వీధి ఇళ్లన్నీ ఒకే మేస్త్రీ కట్టినవట, గొట్టాలన్నీ ఇంతే సన్నమట, ఒక్కో ఇంటివాళ్లూ ఫిర్యాదు చేస్తే తప్ప కంపెనీవాళ్లు తమంతట తాము తలుపు కొట్టే వీల్లేదట.

భర్త ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. ఆడపడుచు ఫోను చేసింది. "ఎంత పని చేశావు వదినా! అన్నయ్య పరువు వీధిలో పెట్టావు." ఆమె అంది, "నీ పొగగొట్టం కూడా ఒకసారి చూపించుకో." అటువైపు ఫోను ఠక్కున పెట్టేసిన చప్పుడు. భర్త హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, "తృప్తిగా ఉందా? ఇల్లంతా మంచుగడ్డయింది" అన్నాడు. ఆమె ఉన్నిచొక్కా మీద ఇంకో ఉన్నిచొక్కా వేసుకుంది. తృప్తిగా ఉందో లేదో తెలియదు. నాలుగైంది, తల నొప్పెట్టలేదు. అంతవరకు తెలుసు.

స్టవ్ మీద నీళ్లు కాస్తుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. సరిగ్గానే ఉన్న గిన్నె మూత మళ్లీ సర్దారు. చివరికి కొడుక్కి వినపడకుండా గొంతు తగ్గించారు. "ఆ మూడో ఇంటి పెద్దకోడలు మొన్న బాత్రూం గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయిందట. వాళ్లత్తగారు చెప్పింది. వేషాలు వేస్తోందని నవ్వింది. నేనూ నవ్వాను."

ఆమె స్టవ్ కట్టేసింది. చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"వీధిలోకి. అన్ని ఇళ్లూ అడిగి వస్తాను."

"ఇంటింటికీ తిరిగి మన సంగతి చాటుతావా? నేను ఒప్పుకోను."

ఆమె గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. అతని మీద పట్టలేని కోపమేదో వస్తుందనుకుంది. రాలేదు. ఇన్నేళ్లూ ఆ 'ఒప్పుకోను' ఎంత పెద్దదిగా కనబడిందో, ఇప్పుడెంత చిన్నదిగా ఉందో చూసి కాస్త ఆశ్చర్యమేసింది, అంతే. "నేను మిమ్మల్ని అడగలేదు" అని చెప్పి మెట్లు దిగింది.

మొదటి ఇంట్లో ముసలాయన తలుపు తీసి, కాసేపు విని, "మా అబ్బాయి వచ్చాక చెబుతా" అన్నాడు. రెండో ఇల్లు తాళం వేసి ఉంది. మూడో ఇంటి గుమ్మంలో ఆమె చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. లోపల బట్టల మిషన్ తిరుగుతోంది. చివరికి తలుపు కొంచెంగా తెరుచుకుంది. పాతికేళ్ల పిల్ల, ఒక చేత్తో తడి తువ్వాలు, ఇంకో చెయ్యి కణత మీద. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటోంది.

"నేను ఇక్కడ నాలుగో ఇంట్లో ఉంటానమ్మా. మీకు సాయంత్రాలు తలనొప్పి వస్తోందా?"

ఆ పిల్ల గభాలున వెనక్కి తిరిగి ఇంటి లోపలికి చూసి, గొంతు తగ్గించింది. "మీకెవరు చెప్పారండీ? ఇంట్లో నాకు పిచ్చంటున్నారు."

"ఎవరూ చెప్పలేదు" అంది ఆమె, తలుపు మీద చెయ్యి వేస్తూ. "పక్కకు జరుగు తల్లీ. ముందు కిటికీలు తెరుద్దాం."